టైరు మార్చడం నేర్చుకుంటాను, కానీ సెన్సారు విరిగిపోతే?

శ్రీకాకుళం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆవిడ టెక్కలి దగ్గర ఒక ఊళ్ళో టీచరు. రోజూ తనే కారు నడుపుకుంటూ వెళ్ళి వస్తారు, పోనూ రానూ దాదాపు వంద కిలోమీటర్లు. ఎనిమిదేళ్ళ బాబుదీ అదే బడి. భర్తకి విశాఖలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారగట్ల వెళ్ళిపోతారు. ఇంట్లో మావగారు ఉంటారు. ఆయన ముప్ఫై ఏళ్ళు లారీ నడిపిన మనిషి.

మొన్న వానల్లో బడి నుంచి తిరిగి వస్తుంటే, కోటబొమ్మాళి దాటాక డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. వెనక ఎడమ టైరు దగ్గర గాలి ఒత్తిడి చూపే అంకె, 32 పీఎస్ఐ ఉండాల్సింది, 19కి పడిపోయింది. బండి పక్కకి తీసి ఆపారు. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. వాటిని ఎలా వాడాలో మాత్రం తెలీదు. చీకటి పడుతుండగా, లారీలు ఊపేసుకుంటూ పోతుంటే, బాబుని పట్టుకుని గంటకి పైగా నిలబడ్డారు. చివరికి ఒక ఆటో డ్రైవరు ఆగి స్టెప్నీ వేసి పంపారు. మర్నాడు పంచరు వేయించి అదే చక్రం మళ్ళీ బిగించుకున్నారు.

రెండు వారాల తర్వాత అరిగిపోయిన వెనక టైర్లు రెండూ కొత్తవి వేయించడానికి షాపుకి వెళ్ళారు. ఎడమ వైపుది ఊడదీస్తుండగా టప్పుమని చప్పుడు వినిపించింది. టైరులో గాలి ఒత్తిడి కొలిచి డాష్‌బోర్డుకి చెప్పే సెన్సారు పోయింది. "ఇది ముందే పోయింది మేడమ్, బ్యాటరీ అయిపోయింది" అని షాపువాళ్ళు కొత్తది వేసి 3,500 తీసుకున్నారు. ఆవిడ మాట్లాడకుండా ఇచ్చేసి, విరిగిన ముక్కని చేతిరుమాల్లో చుట్టుకుని తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. మావగారు, "ఇంతదానికి షాపుకేటమ్మా? గునపం ఉంది, లీవర్లున్నాయి, పెరట్లో నేనే ఇప్పేత్తాను. ఆ సెన్సారేటి, గిన్సారేటి, పీకి పడేత్తే పోద్ది" అంటున్నారు. భర్త ఫోనులో, "నీకెందుకివన్నీ, బండి ఆగితే ఎవరినో ఒకరిని పిలువు" అంటున్నారు. "ఆ రోజు పిలవడానికి ఎవరూ లేరండీ" అని రాశారావిడ. ఇంట్లోనే టైరు మార్చడం నేర్చుకోవచ్చా, సెన్సారు చెడకుండా ఎలా, మావగారిని నొప్పించకుండా ఎలా, ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివర్న ఇంకొకటి: ఈమధ్య పొద్దున్నే చలికి మళ్ళీ ఆ లైటు వెలిగి, కాసేపు నడిపాక ఆరిపోతోంది, కొత్త సెన్సారు కూడా పోయిందా అని.

అమ్మా, ముందుగా మీ భయంలో సగం తీసేస్తాను. మన దగ్గర 'టైరు మార్చడం' అని రెండు వేరు వేరు పనుల్ని పిలుస్తాం. చక్రాన్ని చక్రంగానే ఊడదీసి దాని స్థానంలో స్టెప్నీ బిగించడం ఒకటి. రిమ్ము మీద నుంచి రబ్బరు టైరు ఊడదీసి కొత్తది ఎక్కించడం రెండోది. సెన్సారు ఉండేది రిమ్ము లోపల, గాలి కొట్టే వాల్వు మొదట్లో. మొదటి పనిలో దాని దగ్గరికి ఎవరి చెయ్యీ వెళ్ళదు. మీరు నూరుసార్లు స్టెప్నీ మార్చినా సెన్సారుకి ఏమీ కాదు. అది విరిగేదల్లా రెండో పనిలోనే. ఆ సాయంత్రం రోడ్డు మీద మీకు కావలసింది మొదటి పని. మావగారు పెరట్లో చేస్తానంటున్నది రెండోది. ఈ రెండూ కలిసిపోయి మీ ఇంట్లో ఇంత టెన్షన్ అయింది.

ఇక ఆ రుమాల్లో ముక్క సంగతి. దాన్ని పారెయ్యకండి, ఒకసారి వెలుతురులో చూడండి. అగ్గిపెట్టె లాంటి ప్లాస్టిక్ డబ్బా, దానికి ఒక లోహపు కాడ, అంతే ఉంటుంది. లోపల ఒక చిన్న బ్యాటరీ, గాలి ఒత్తిడిని కొలిచే ముక్క, ఆ అంకెని రేడియో ద్వారా బండికి పంపే ముక్క ఉంటాయి. మొత్తం సీలు చేసి ఉంటుంది కాబట్టి బ్యాటరీ విడిగా మార్చడం కుదరదు. మామూలుగా అయిదు నుంచి పదేళ్ళు పనిచేస్తుంది. మీ బండి కొని మూడేళ్ళే అని రాశారు. పైగా బ్యాటరీ అయిపోతే సెన్సారు మూగబోతుంది గానీ ప్లాస్టిక్కు ఎందుకు విరుగుతుంది? ఇంకొక మాట మీరే రాశారు, మీకు తట్టినట్టు లేదు. రెండు వారాల కిందట 19 అని చెప్పి మిమ్మల్ని ఆపింది ఆ సెన్సారే. అదే చక్రం, అదే వాల్వు. షాపుకి వెళ్ళిన రోజు పొద్దున కూడా నాలుగు అంకెలూ కనిపించాయన్నారు. అంటే షాపు గుమ్మం ఎక్కేవరకూ అది బతికే ఉంది.

అయినా షాపు వైపు నుంచి కూడా ఒకటి చూడాలి. ఆ కాడ చాలా బళ్ళలో అల్యూమినియంతో చేస్తారు. మన తీరం గాలిలో ఉప్పు ఉంటుంది. అల్యూమినియం కాడ మీద ఇత్తడి మూతో, వాల్వు లోపల మామూలు ఇత్తడి పిన్నో పెడితే, ఆ ఉప్పు తడికి ఇత్తడిని తాకిన చోట అల్యూమినియం తినేసినట్టు అయిపోతుంది. తెల్లటి పొడి కడుతుంది, కాడ పెళుసెక్కుతుంది, మూత ఊడి రాదు. మీ ముక్కలో కాడ మీద అలాంటి తెల్ల పొడి ఉంటే, ఎంత జాగ్రత్తగా తీసినా విరిగేదేమో. కాడ శుభ్రంగా ఉండి డబ్బా పగిలి ఉంటే అది టైరు అంచు గానీ లీవరు గానీ నొక్కిన దెబ్బ.

ఏం చెయ్యాలన్నది మీ ఇష్టం. ముక్క పట్టుకెళ్ళి, గొంతు పెంచకుండా, "ఇది పొద్దున్న పనిచేసింది, ఇక్కడ విరిగింది, సగమైనా మీరు భరించండి" అని అడగొచ్చు. రోజులు గడిచాయి, రుజువు మీ మాట ఒక్కటే, కాబట్టి కాదనే అవకాశం ఎక్కువ. కానీ మీ బండి మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళ చెయ్యి జాగ్రత్తగా కదులుతుంది. లేదూ, ఊళ్ళో ఉన్నవే నాలుగు షాపులు, గొడవ వద్దనుకుంటే వదిలెయ్యండి, తప్పేమీ లేదు. ఏది చేసినా, ఇకమీదట బండి అప్పగించే ముందు నాలుగు అంకెలూ కనిపించేలా డాష్‌బోర్డు ఫోటో ఒకటి తీసి, అక్కడున్న కుర్రాడికి చూపించి మరీ ఇవ్వండి.

ఇప్పుడు మావగారి దగ్గరికి వద్దాం. ఆయన్ని కాదనాల్సిన పని లేదని నా ఉద్దేశం. ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది, అదీ మీకు కావలసిన మొదటి పనే. "మావయ్యగారూ, నాకు జాకీ వెయ్యడం నేర్పండి" అని అడిగి చూడండి. ఆదివారం పొద్దున, మీ వారు కూడా ఇంట్లో ఉన్నప్పుడు, ఇంటి ముందు గట్టి నేల మీద. బాబుని అరుగు మీద కూర్చోబెట్టండి, బండి దగ్గరికి రానివ్వకండి.

హ్యాండ్‌బ్రేకు వేసి, బండిని గేరులో ఉంచండి. ఆటోమేటిక్ అయితే పార్కింగులో. వెనక ఎడమ చక్రం తీస్తుంటే, ముందు కుడి చక్రానికి అటూ ఇటూ రాళ్ళు గానీ చెక్కలు గానీ పెట్టాలి. ఇది మీ మావగారికి చెప్పక్కర్లేదు. లారీ ఎక్కడ ఆగినా ముందు రాయి వేసే చెయ్యి అది. ఆ తర్వాత, బండి ఇంకా నేల మీద ఉండగానే నట్లు ఒక్కొక్కటీ సగం చుట్టు వదులు చెయ్యండి. గాల్లోకి లేపాక వదులు చెయ్యబోతే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది, జాకీ జారుతుంది. మీ చేతి బలం చాలదేమోనన్న బెంగ వద్దు. పానాని నేలకి అడ్డంగా ఉండేలా తగిలించి, చివర్న పట్టుకుని మీ బరువు మెల్లగా దాని మీదికి వంచండి, కిర్రుమని కదులుతుంది.

జాకీ పెట్టే చోటు చక్రానికి దగ్గర్లో, తలుపు కింది అంచులో రెండు చిన్న గాట్ల మధ్య ఉంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. అక్కడ కాక వేరే చోట పెడితే రేకు సొట్టపోతుంది. కొత్తలో నేను వానకి నానిన మట్టి మీద జాకీ వేశాను. చక్రం ఊడదీసేలోపే జాకీ అడుగు మట్టిలోకి దిగబడి, బండి నా మోచేతి పక్కనుంచి ఒరిగింది. దెబ్బ తగల్లేదు గానీ ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పట్నుంచి డిక్కీలో అడుగు పొడవున్న మందపాటి చెక్క ముక్క ఉంచుకుంటున్నాను. మీరూ ఒకటి కోయించుకోండి. చక్రం నేల నుంచి నాలుగు వేళ్ళు లేచాక, దాన్ని తీసేముందే స్టెప్నీని బండి కింద, జాకీ పక్కన పడుకోబెట్టండి. ఒకవేళ జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. స్టెప్నీ తీసేటప్పుడు ఊడిన చక్రాన్ని అక్కడికి తొయ్యండి. మీ చెయ్యి గానీ కాలు గానీ బండి కిందకి ఒక్క క్షణం కూడా వెళ్ళకూడదు.

బిగించేటప్పుడు ముందు వేళ్ళతో తిప్పి, తర్వాత పానాతో ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా. ఆఖరి బిగింపు బండి దించాకే. ఇక్కడ మావగారి అలవాట్లు రెండు అడ్డు రావచ్చు. కొన్ని పాత లారీల్లో ఎడమ వైపు నట్లు ఎదురు తిరిగేవి, మీ కారుకి నాలుగు వైపులా గడియారం తిరిగే దిక్కుకే బిగుస్తాయి. రెండోది, నట్లకి గ్రీజు రాద్దామనవచ్చు. వద్దనండి. గ్రీజు ఉంటే అదే బలానికి నట్టు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బిగిసి, బోల్టు సాగిపోతుంది. చాలా కార్లకి నట్టు బిగింపు 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు, మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న అంకే సరైనది. 100 అంటే అడుగు పొడవున్న పానా చివర సుమారు 33 కిలోల బరువు వేసినంత. అందుకే పానా మీద ఎక్కి నిలబడకూడదు, గొట్టం తొడిగి లాగకూడదు. ఒక యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగింపు చూసుకోవాలి.

ఇలా నాలుగు ఆదివారాలు నాలుగు చక్రాలూ ఊడదీసి మళ్ళీ అక్కడే బిగించండి. మొదటిసారి గంట పడుతుంది, నాలుగోసారికి ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అయిదో ఆదివారం చీకట్లో, ఫోను లైటుతో చెయ్యండి.

స్టెప్నీ వేసుకుని బయల్దేరాక లైటు ఒక నిమిషం పాటు మిణుకు మిణుకుమని, తర్వాత వెలిగే ఉంటుంది. కంగారు పడకండి. చాలా బళ్ళలో స్టెప్నీకి సెన్సారు ఉండదు, నాలుగో చక్రం మాట వినపడక బండి అలా చెబుతోంది. గాలి తగ్గితే మిణకదు, నేరుగా వెలుగుతుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం కంగారు తగ్గుతుంది. స్టెప్నీ మామూలు టైరు కన్నా సన్నగా ఉంటే దాని మీద 80 అని వేగం రాసి ఉండొచ్చు, దాటకండి. దానికి గాలి నెలకోసారి పట్టించండి. అవసరమైన రోజున స్టెప్నీలోనూ గాలి లేక ఆగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

రెండో పని, అంటే రబ్బరు ఊడదీయడం. ఇంట్లో చెయ్యొచ్చా అంటే, చెయ్యలేమని కాదు. కానీ నేను మీ స్థానంలో ఉంటే చెయ్యను. మావగారు నడిపిన రోజుల్లో చాలా లారీ రిమ్ములకి పక్కన ఇనుప రింగు ఉండేది, అది తీస్తే టైరు జారి వచ్చేది, లోపల ట్యూబు తప్ప విరిగేదేమీ లేదు. మీ కారు రిమ్ము ఒకే ముక్క. టైరు అంచు బయటికి రావాలంటే, ఎదురు వైపు అంచు రిమ్ము మధ్యలో ఉన్న గుంటలోకి దిగాలి. సెన్సారు కూర్చున్నది ఆ గుంట పక్కనే. వాల్వు ఉన్న వైపు అంచు దిగబడిందంటే దాని బరువంతా ఆ ప్లాస్టిక్ డబ్బా మీదే. గునపం మొన ఒక అంగుళం లోతుకి వెళ్ళినా అంతే. కాబట్టి ఎవరు చేసినా, మిషను మీద గానీ చేత్తో గానీ, అంచు నొక్కి వదులు చేసేది వాల్వుకి ఎదురు వైపు. గుంటలోకి దిగే భాగం వాల్వుకి ఎదురు వైపే ఉండాలి. వాల్వుకి అటు జానెడు, ఇటు జానెడు లీవరు లోపలికి పోకూడదు. ఇది తెలిసి, ఓపికగా చేస్తే సెన్సారు మిగులుతుంది.

అయినా ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, కొత్త టైరు అంచు రిమ్ముకి పట్టాలంటే ఒక్కసారిగా గాలి గట్టిగా కొట్టాలి, అది 40 పీఎస్ఐ దాటితే ప్రమాదం. అంచు తెగి కొడితే మనిషి దక్కడు. ఎలాగో పట్టించినా, చక్రం బ్యాలెన్సింగు కోసం మళ్ళీ షాపుకే వెళ్ళాలి. ఆ మాత్రానికి ఆయన నడుము, మీ సెన్సారు రెండూ పణం పెట్టడం ఎందుకు? మావగారిని షాపుకి తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు టైరు పక్కన, వాల్వు దగ్గర సుద్దతో అడ్డగీత గీసి, "ఇక్కడ లోపల సెన్సారు ఉంది" అని ఆయన చేతే చెప్పించండి. ముప్ఫై ఏళ్ళ డ్రైవరు పక్కన నిలబడి చూస్తుంటే ఏ కుర్రాడూ తొందరపడడు.

సెన్సారు పీకి పడేద్దామన్న మాట కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మామూలు రబ్బరు వాల్వు వేసి తిరిగేవాళ్ళు ఉన్నారు, బండి నడుస్తుంది. కానీ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, దానికి కన్ను అలవాటు పడిపోతుంది. మిగతా మూడింట్లో నిజంగా గాలి తగ్గినా పట్టించుకోరు. బయట మూతలా బిగించే చవక సెన్సార్లు కూడా దొరుకుతాయి. టైరు మార్చేటప్పుడు వాటికి భయం లేదు. కానీ గాలి కొట్టిన ప్రతిసారీ తీసి పెట్టాలి, ఎవరైనా తిప్పుకుని పోవచ్చు, వాటి బరువుకి పాత రబ్బరు వాల్వు బీటలిస్తుంది. మీరు రోజూ వంద కిలోమీటర్లు హైవే మీద తిరిగే మనిషి. లోపలి సెన్సారే ఉంచుకోండి. మూతలు మాత్రం ప్లాస్టిక్‌వే వాడండి, మెరిసే లోహపు మూతలు ఎవరైనా బహుమతిగా ఇచ్చినా వద్దనండి. పంచరుకి లోపల పోసే జిగురు ద్రవం కూడా తప్పదంటేనే. అది సెన్సారు రంధ్రాన్ని మూసేస్తుంది.

మీవారి మాట గురించి కొంచెమే చెబుతాను. ఆయన కాదన్నది భయంతోనే అయి ఉంటుంది, తను దూరంగా ఉన్నాడు కదా. వాదించకండి, ఆదివారం పక్కన నిలబెట్టుకుని చేసి చూపించండి. ఆయన మాటలోనూ ఒక నిజం ఉంది. నేర్చుకున్నంత మాత్రాన ప్రతిచోటా మీరే మార్చాలని లేదు. హైవే మీద, చీకట్లో, లారీలు పోయే వైపు చక్రం పోతే అక్కడ కూర్చుని నట్లు విప్పకండి. టైరు పాడైపోయినా సరే, నెమ్మదిగా పక్క రోడ్డులోకో, వెలుతురున్న హోటలు ముందుకో తీసుకెళ్ళి ఆపండి. కదలలేకపోతే లైట్లు మిణికేలా పెట్టి, బాబుని తీసుకుని రోడ్డుకి దూరంగా, రెయిలింగు అవతల నిలబడండి. జాతీయ రహదారుల సహాయానికి 1033 నంబరు ఉంది, ఫోనులో దాచుకోండి. ఆ రోజు పిలవడానికి ఎవరూ లేరన్నారు కదా, ఇది ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

ఇక చలిలో వెలిగే లైటు. గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది, సుమారు అయిదారు డిగ్రీలకి ఒక పీఎస్ఐ చొప్పున. మధ్యాహ్నం ఎండలో, అప్పటిదాకా తిరిగిన బండికి 32 కొట్టిస్తే, తెల్లారేసరికి అది 28, 29 దగ్గర ఉంటుంది. నడిపితే వేడెక్కి లైటు ఆరిపోతుంది. పొద్దున్నే, బండి కదలకముందు లేదా దగ్గర్లోని బంకు దాకా మాత్రమే నడిపి, డ్రైవరు తలుపు అంచున అంటించిన కాగితం మీద ఉన్న అంకె ప్రకారం గాలి పట్టించండి. నాలుగూ కలిసి తగ్గుతుంటే చలే కారణం.

ఆ వెనక ఎడమది ఒక్కటే తగ్గుతుంటే మాత్రం, కొత్త వాల్వు మొదట్లో సబ్బు నీళ్ళు పోసి చూడండి. బుడగలు వస్తే దాని నట్టు మీరు బిగించకండి, మావగారినీ బిగించనివ్వకండి. చక్రం నట్టుకి వంద కావాలంటే దీనికి పది కూడా అక్కర్లేదు, కొంచెం ఎక్కువైనా కాడ తెగిపోతుంది. వేసిన షాపుకే తీసుకెళ్ళి, ఆ బుడగలు వాళ్ళకి చూపించండి.